స్పీడింగ్ టికెట్ పడితే కార్ ఇన్సూరెన్స్ పెరుగుతుందా? కట్టేసే ముందు ఇది చూడండి

కాలిఫోర్నియా ఫ్రీవే మీద గంటకు 65 మైళ్ల పరిమితి ఉన్నచోట 80లో వెళ్తుంటే టికెట్ ఇచ్చారు, ఆన్‌లైన్‌లో కట్టేస్తే అయిపోతుందా, ఇన్సూరెన్స్ పెరుగుతుందా అని అడిగారు. దయచేసి ఇవాళే కట్టేయకండి. ఊరికే కట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టే లెక్క. టికెట్ పడగానే ఇన్సూరెన్స్ పెరగదు. అది కన్విక్షన్‌గా (తప్పు రుజువైనట్టుగా) మారి, లైసెన్సులు చూసే రాష్ట్ర శాఖ డీఎంవీ రికార్డులో పాయింటుగా ఎక్కాకే కంపెనీ కంటపడుతుంది. అలా ఎక్కకుండా చూసుకునే అవకాశం మీకు ఇంకా ఉంది. అన్నట్టు, రోడ్డు పక్కన టికెట్ మీద సంతకం పెట్టానే అని దిగులు పడకండి. గడువులోగా కోర్టుకు జవాబిస్తానని పెట్టిన సంతకం అది, తప్పు ఒప్పుకోవడం కాదు.

ఆ మధ్య మా ఆవిడకీ ఇలాంటి టికెట్టే పడింది. కొన్ని వారాలకు కోర్టు నుంచి కర్టసీ నోటీసు వచ్చింది. కట్టాల్సిన మొత్తం, గడువు తేదీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పాయింట్ ఎక్కకుండా డ్రైవింగ్ పాఠాలు చదివే ట్రాఫిక్ స్కూల్ మాట మాత్రం ఓపిగ్గా కిందిదాకా చదివితేనే దొరికింది. దానికి ఫైన్ మొత్తం కట్టాలి, పైన కోర్టు ఫీజు, మళ్లీ స్కూల్ ఫీజు వేరే. అంత పోశాక ఇంకా చదువు కూడానా అనిపిస్తుంది. అయినా తను అదే ఎంచుకుంది. డీఎంవీ గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ స్కూల్ చూసుకుని, సాయంత్రాలు పాఠాలు చదివి పరీక్ష రాసింది. తర్వాత డీఎంవీ సైట్‌లో తన డ్రైవర్ రికార్డు తీసి చూశాం. పాయింట్ లేదు. రెన్యువల్‌లో ఆ టికెట్ పేరు చెప్పి ఒక్క డాలరు పెరగలేదు.

స్కూల్ పూర్తిచేస్తే కన్విక్షన్ చెరిగిపోదు, ఇన్సూరెన్స్ వాళ్లకు కనిపించకుండా గోప్యంగా ఉంటుంది. ఈ వెసులుబాటు 18 నెలలకు ఒక్కసారే. పరిమితికి 25 మైళ్లు దాటి ఎక్కువ వేగంతో వెళ్లుంటే కోర్టు క్లర్కు ఇవ్వలేరు, జడ్జిని అడగాలి. మీది 15 మైళ్లే కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

మా ఫ్రెండ్ ఒకరు మొదటి టికెట్ కట్టేసి చేతులు దులుపుకున్నాడు. ప్రీమియం కొంచెం పెరిగింది, పోనీలే అనుకున్నాడు. రెండోదీ అలాగే కట్టేశాడు. అసలు దెబ్బ అక్కడ తగిలింది. 1988లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 103 ప్రకారం ఇక్కడ గుడ్ డ్రైవర్‌కి కనీసం 20 శాతం తగ్గింపు ఇవ్వాల్సిందే. మూడేళ్లలో ఒక పాయింట్ వరకే ఆ హోదా నిలుస్తుంది. రెండో పాయింట్‌తో తగ్గింపు మొత్తం పోయింది. 20 శాతమే కదా అనుకోకండి: 80 కట్టేవాడు 100 కట్టాలి, అంటే అతని జేబుకి 25 శాతం పెంపు, దానిమీద టికెట్ల భారం అదనం. మామూలు స్పీడింగ్ పాయింట్ రికార్డులో 39 నెలలు ఉంటుంది, కాబట్టి ఒక్క రెన్యువల్‌తో పోయే బాధ కాదిది. అతని పాలసీ వివరాలుండే డెక్లరేషన్ పేజీలో డిస్కౌంట్ల వరసలో గుడ్ డ్రైవర్ అన్న లైనే మాయమైంది. ఫైన్ ఒక్కసారి కట్టేది, ఇది ప్రతి రెన్యువల్‌కీ కట్టేది. మీరూ మీ డెక్లరేషన్ పేజీ తీసి ఆ లైన్ ఉందో లేదో చూసుకోండి.

పార్కింగ్ టికెట్లకు, లైటు వెలగకపోతే ఇచ్చే ఫిక్స్-ఇట్ టికెట్లకు పాయింట్లు ఉండవు, వాటికి కంగారు అక్కర్లేదు. కానీ గడువులోగా బాగు చేయించి సంతకం పెట్టించుకుని కోర్టుకు చూపాలి. వేరే రాష్ట్రంలో పడిన టికెట్‌ని మాత్రం వదిలేయకండి. చాలా రాష్ట్రాలు డ్రైవర్ లైసెన్స్ కాంపాక్ట్ అనే ఒప్పందం కింద ఇలాంటి సమాచారం ఒకరికొకరు పంపుకుంటాయి.

మీ తప్పు లేదని నిజంగా నమ్మితే కోర్టుకు వెళ్లకుండా రాతపూర్వకంగానూ వాదించొచ్చు. అందుకు ముందు ఫైన్ మొత్తం డిపాజిట్ చేయాలి, గెలిస్తే వెనక్కి ఇస్తారు. మీరు రాసిన వివరాలు చూస్తే నాకైతే ట్రాఫిక్ స్కూలే మేలనిపిస్తోంది.

కొత్త కంపెనీల్లో కోట్ అడిగేటప్పుడు టికెట్ దాచకండి. వాళ్లు ఎలాగూ రికార్డు తెప్పించుకుంటారు, అప్పుడు చెప్పిన రేటు మారిపోతుంది. ముందు మీ నోటీసు మీద గడువు తేదీ చూడండి. దగ్గర పడిపోతే ఆ తేదీ దాటకముందే మీ కౌంటీ కోర్టులో ఎక్స్‌టెన్షన్ అడగండి.