బ్లూబెర్రీ ఆకు పసుపెక్కితే మందు కాదు, ముందు నీళ్లు చూడండి

ప్రశ్న: ఇంట్లో తినడానికని పెరట్లో 30 కుండీల్లో బ్లూబెర్రీ, రెండు మళ్లలో స్ట్రాబెర్రీ, కంచె వెంట బ్లాక్‌బెర్రీ పెంచుతున్నాం. బ్లూబెర్రీకి వైరస్ సోకినట్టుంది. అన్ని కుండీల్లోనూ లేత ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. స్ట్రాబెర్రీ పండ్లు బూడిద రంగు బూజు పట్టి కుళ్లిపోతున్నాయి. డీలర్ చెప్పినట్టు కార్బెండజిమ్ అనే బూజు మందులో ఒక టానిక్ కలిపి వారానికోసారి కొడుతున్నాం, తగ్గడం లేదు. బలానికి యూరియా, కోళ్ల ఎరువు వేశాం. పురుగు రాకుండా కట్టెల బూడిద చల్లుతున్నాం. బ్లాక్‌బెర్రీని ఏటా నేలమట్టానికి కత్తిరిస్తున్నాం, రెండేళ్లయినా కాయలేదు. పొలం గట్టు పొదల్లో కాసే అడవి పండ్లు పిల్లలు కోసుకు తింటున్నారు. గట్టుకు కలుపు మందు కొట్టి నెల కాలేదు, ఫర్వాలేదా? వైరస్‌కు, బూజుకు ఏ మందు కొట్టాలో తెలపగలరు.
– ఒక రైతు

జవాబు: గట్టు పండ్ల గురించి అడిగినదానికే ముందు జవాబు. గట్టు మీది పండ్లు ఈ కాపులో ఎవరూ తినొద్దు. గ్లైఫోసేట్ లాంటి కలుపు మందు పడ్డ పొద వెంటనే ఎండిపోదు. ఆకు మీద పడిన మందు లోపలికి దిగి కొమ్మకూ వేరుకూ కాయకూ చేరుతుంది. పండు మాత్రం ఎప్పటిలాగే నిగనిగలాడుతుంది, పిల్లలకు ఏం తెలుస్తుంది? కడిగితే పోయేది పైన అంటుకున్నదే. మీరు కొట్టకపోయినా పక్క పొలంలో పిచికారీ జరిగి, గాలి మీ గట్టు వైపు వీచినా ఇదే మాట. అడవి పండ్లు కోసుకోవాలంటే సాగు భూములకూ రద్దీ రోడ్లకూ దూరంగా ఉన్న పొదల దగ్గరే కోసుకోవాలి.

ఇంకొకటి. పిట్టలు తింటున్నాయి కదా అని ధైర్యం చేయకండి. మనిషికి విషమైన పండ్లు చాలావాటిని పిట్టలు హాయిగా తింటాయి. కామంచి పండు నల్లగా మాగాకే తినాలి, పచ్చికాయ తినకూడదు. బెల్లడోనా పండు కూడా నల్లగా మెరుస్తూ ఉంటుంది, అది ప్రాణం తీస్తుంది. కామంచి పండ్లు బఠాణీ గింజంత ఉండి గుత్తిగా వేలాడతాయి. బెల్లడోనా పండు అంతకంటే పెద్దది, తొడిమకు ఒక్కటే ఉంటుంది, కింద ఐదు రెక్కల పచ్చని పుష్పకోశం నక్షత్రంలా విచ్చుకుని కనిపిస్తుంది. లాంటానా పచ్చికాయలూ విషమే. గురివింద గింజ ఎర్రగా నల్లచుక్కతో ముద్దుగా ఉంటుంది, పిల్లలు నమిలితే మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది. తిన్న కొన్ని గంటలదాకా ఏమీ కనిపించకపోవచ్చు. అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ఆ కొమ్మ ఒకటి తుంచి పట్టుకుని నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పేరు కచ్చితంగా తెలియని పండు నోట్లో పెట్టకూడదని ఇంటిల్లిపాదికీ చెప్పండి.

ఇక బ్లూబెర్రీ. ఇది వైరస్ కాదు. వైరస్ అయితే ముప్పై కుండీలకూ ఒకేసారి, ఒకే తీరుగా రాదు. ఒక మొక్కలో మొదలై, మచ్చలు మచ్చలుగా, వంకర టింకర ఆకులతో కనిపిస్తుంది. మీరు రాసిన లక్షణం, అంటే లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కడం, ఇనుప ధాతు లోపానిది. ముదురు ఆకుల్లో మొదలైతే మెగ్నీషియం లోపాన్ని అనుమానించేవాణ్ని. ముదురు ఆకు మొత్తం వెలిసిపోతే నత్రజని లోపం అనుకోవాలి. మట్టిలో ఇనుము లేక వచ్చిన లోపం కాదిది. ఉన్న ఇనుమును మొక్క తీసుకోలేకపోతోంది. బ్లూబెర్రీకి మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షారాల కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. 6 దాటిందంటే ఇనుము మట్టిలోనే బిగుసుకుపోతుంది. ఈ మొక్క వేర్లకు నూగు వేర్లు ఉండవు, పై 20–30 సెంటీమీటర్లలోనే సన్నగా అల్లుకుని ఉంటాయి, వెతుక్కుని తెచ్చుకునే శక్తి వాటికి తక్కువ.

అలాంటి మొక్కకు మీరు వేసింది కట్టెల బూడిద. బూడిద అచ్చంగా క్షారం, సున్నం వేసినట్టే. ఆపైన కోళ్ల ఎరువు. అది పీహెచ్‌నూ పెంచుతుంది, లవణాలనూ పెంచుతుంది. కుండీ అంచుల్లో, అడుగు రంధ్రాల చుట్టూ తెల్లటి పొర కట్టిందేమో ఒకసారి చూడండి. కడితే మీ నీళ్లలో బైకార్బొనేట్లు, అంటే క్షారం పెంచే లవణాలు, ఎక్కువ ఉండొచ్చు. అదే నిజమైతే మీరు రోజూ పోస్తున్న నీళ్లే మట్టిని క్షారంగా మారుస్తున్నాయి. దుకాణంలో ఎన్ని సీసాలు కొన్నా ఆ పొర చెప్పేది మారదు.

చేయాల్సింది ఇది. బూడిద, కోళ్ల ఎరువు, టానిక్ ఈ రోజే ఆపేయండి. కుండీల్లో పైన 4–5 సెంటీమీటర్ల మట్టి వేర్లు తెగకుండా గీకి తీసేసి, ఆ స్థానంలో పీట్ (కుళ్లిన నాచుతో ఏర్పడే ఆమ్ల మట్టి), పైన్ బెరడు ముక్కల మిశ్రమం వేయండి. దొరక్కపోతే కడిగిన కొబ్బరి పొట్టు వాడొచ్చు, కానీ అది పీట్ అంత ఆమ్లంగా ఉండదు. వీలైతే వాన నీళ్లు పట్టి పోయండి. బోరు నీళ్లే గతి అయితే 10 లీటర్లకు 2 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి పీహెచ్ కాగితంతో చూడండి. ఇంకా 5.5 పైన చూపిస్తే మరో గ్రాము వేసి మళ్లీ చూడండి. ఎన్ని గ్రాములు పట్టిందో ఒకసారి తేలితే, నీటి వనరు మారనంతవరకు అదే కొలత.

వెంటనే పచ్చదనం రావడానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు అప్పటికప్పుడు కలిపి, సాయంత్రం వేళ ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. 7–10 రోజుల తేడాతో మూడుసార్లు చాలు. కలిపిన ద్రావణం ఎర్రబడితే పారబోయండి. పూత, కాయ ఉన్నప్పుడు కొట్టొద్దు, కాయలకు మరకలు పడతాయి. ఇది తాత్కాలిక ఉపశమనమే. పీహెచ్ దిగకపోతే వచ్చే చిగురు మళ్లీ పసుపుగానే వస్తుంది. చీలేటెడ్ ఇనుము (మట్టిలో బిగుసుకుపోకుండా వేరే పదార్థంతో కట్టిన ఇనుము) అని డీలర్ ఇచ్చేది ఎక్కువగా ఈడీటీఏ రకం. మట్టి పీహెచ్ 6.5 దాటితే అది పనిచేయదు. కొనేదుంటే ఈడీడీహెచ్‌ఏ రకం అడిగి తీసుకుని, కుండీకి 2 గ్రాములు లీటరు నీటిలో కలిపి మొక్క మొదలు దగ్గర పోయండి.

యూరియా కూడా ప్రస్తుతానికి వద్దు. కొత్త చిగురు పచ్చగా వచ్చాక కుండీకి 10 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్, 5–6 వారాలకోసారి వేయండి. పొటాష్ అవసరమైతే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ రూపంలోనే వేయాలి, బ్లూబెర్రీకి క్లోరైడ్ పడదు.

కొందరు గంధకం వేయమంటారు. అది మట్టిలోని సూక్ష్మజీవులు మార్చాకే ఆమ్లంగా పనిచేస్తుంది, అందుకు నెలలు పడుతుంది. నేలలో నాటేవాళ్లు కనీసం ఆరు నెలల ముందు వేసుకోవాలి. పీహెచ్ ఒక అంకె తగ్గడానికి చదరపు మీటరుకు ఇసుక నేలలో సుమారు 40 గ్రాములు, గరప నేలలో 100–110 గ్రాములు పడుతుంది. గుప్పెడు మట్టి మీద వెనిగర్ పోస్తే బుసబుసమని పొంగిందనుకోండి, అది సున్నపు నేల. అక్కడ గంధకం పోయడం దండగ, కుండీలే మార్గం.

స్ట్రాబెర్రీకి పట్టింది బూడిద బూజు, బోట్రైటిస్ అనే శిలీంధ్రం. కుళ్లిన పండును వేలితో తడితే పొడి లేస్తుంది, అదంతా బూజును వ్యాపింపజేసే విత్తనమే. చల్లగా, తేమగా ఉంటే విజృంభిస్తుంది. పూత దశలోనే సోకి, పండు మాగేదాకా నక్కి ఉంటుంది. కార్బెండజిమ్‌ను ఈ శిలీంధ్రం తట్టుకోగలగడం చాలా దేశాల్లో ఎప్పుడో బయటపడింది. వారం వారం అదే మందు కొట్టి మీరూ తట్టుకునే రకాన్నే మేపుతున్నారు.

నాకు అంతకంటే కోపం తెప్పించింది వేరే ఉంది. వారానికోసారి మందు కొడుతూ, రోజు విడిచి రోజు మాగే పండ్లు ఎప్పుడు కోస్తున్నారు? స్ట్రాబెర్రీకి తొక్క తీసే వీలు లేదు. పైగా ఇది అంతర్వాహిక మందు, అంటే మొక్క లోపలికి చేరేది, కడిగినా లోపలిది పోదు. ఇప్పుడు మొక్క మీదున్న పండ్లు, పిందెలు అన్నీ తీసి పారేయండి. కొత్త పూతకు వచ్చినవే తినండి. డబ్బా మీది కాగితంలో పంట పేరు, కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో ఉంటుంది. పంట పేరు లేకపోతే ఆ మందు ఆ పంటకు కాదు, డీలర్ ఎంత గట్టిగా చెప్పినా సరే. అమ్మకం ఆయన పని. అందులో టానిక్ కలిపి ఇచ్చాడంటే మీ జబ్బేమిటో ఆయనకూ తెలియదన్నమాటే.

బూజు తగ్గాలంటే చేతిపని చేయాలి. రెండు రోజులకోసారి కుళ్లినవి, ఎండిన ఆకులు, రాలిన రేకలు ఏరి సంచిలో వేసి బయటికి తీసుకెళ్లండి, మడిలో పడేయొద్దు. ఆ చేతులు కడుక్కున్నాకే మంచి పండ్లు ముట్టుకోండి. మొక్కల మధ్య 30 సెంటీమీటర్లు ఉండేలా తీగలు కత్తిరించండి. యూరియా వల్ల ఆకు గుబురై పండ్లకు గాలి ఆడటం లేదు, అదీ ఆపండి. పండు మట్టికి తగలకుండా 5 సెంటీమీటర్ల మందాన ఎండుగడ్డి పరవండి. నీళ్లు పొద్దున్నే, మొక్క మొదలు దగ్గరే పోయండి. కొట్టి తీరాలనుకుంటే, కొత్త పూత విచ్చేటప్పుడు బాసిల్లస్ సబ్టిలిస్ పొడి లీటరుకు 5 గ్రాములు, వారం తేడాతో రెండుసార్లు, సాయంత్రం. అంతకుమించి వద్దు.

బ్లాక్‌బెర్రీకి ఏ జబ్బూ లేదు, కత్తెరే దాని జబ్బు. సాధారణ రకాల్లో ఈ ఏడు లేచిన కొమ్మ మరుసటి ఏడు పూసి కాస్తుంది, కాశాక చస్తుంది. మీరు ఏటా అన్నీ నరికేస్తే కాసే కొమ్మ ఎక్కడుంటుంది? కాపు అయిపోయిన కొమ్మలే మొదలంటా తీయండి. కొత్తవాటిలో బలమైనవి నాలుగైదు ఉంచి, మీటరు ఎత్తు దాటాక కొన తుంచండి.

అన్నీ దారికొచ్చాక కోత దగ్గర తొందరపడకండి. స్ట్రాబెర్రీ, బ్లాక్‌బెర్రీ కోశాక తీపెక్కవు. ఎంత మాగనిచ్చి కోస్తే అంతే రుచి. బ్లూబెర్రీ నీలం తిరిగిన రోజే కోసేవాళ్లు పులుపే తింటారు. తొడిమ దగ్గర ఎరుపు వలయం పోయేదాకా, అంటే మరో నాలుగైదు రోజులు ఆగండి. మాగిన పండు బొటనవేలితో అలా దొర్లిస్తే చేతిలో రాలుతుంది, లాగాల్సి వస్తే ఇంకా పండలేదు. దాని మీది తెల్లటి పొడి మైనపు పూత, మందు కాదు, తుడవొద్దు. స్ట్రాబెర్రీని పట్టుకుని లాగకుండా తొడిమను గోటితో గిల్లండి. మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోసి, లోతు లేని పళ్లెంలో రెండు వరుసలకు మించకుండా పేర్చండి. తినే ముందే కడగాలి. కడిగి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికే బూజు. కడగకుండా పెడితే స్ట్రాబెర్రీ రెండు మూడు రోజులు, బ్లూబెర్రీ పది రోజుల పైనే ఉంటుంది. జామ్ చేసేటప్పుడు నాలుగో వంతు కాస్త పచ్చిగా ఉన్నవి కలపండి, పెక్టిన్ వాటిలోనే ఎక్కువ.

ఈ లోపు రెండు నమూనాలు పరీక్షకు ఇవ్వండి. ఐదారు కుండీల్లో 10–15 సెంటీమీటర్ల లోతు నుంచి మట్టి తీసి కలిపి, నీడలో ఆరబెట్టి అర కిలో. మోటారు పది నిమిషాలు నడిచాక, అదే నీళ్లతో మూడుసార్లు తొలిచిన సీసాలో గాలి లేకుండా అర లీటరు. మట్టికి పీహెచ్, లవణాలు, నీళ్లకు వాటితో పాటు కార్బొనేట్లు, బైకార్బొనేట్లు కూడా చూడమని రాసివ్వండి, అడగకపోతే అన్నీ చూడకపోవచ్చు. ఆ కాగితం వచ్చాక అంకెలు రాసి పంపితే నిమ్మ ఉప్పు, ఎరువుల మోతాదు మీ నీళ్లకు తగ్గట్టు సవరించి చెబుతాను. అప్పటిదాకా స్ప్రేయర్‌ను పైన రాసిన అన్నభేది, బాసిల్లస్ సబ్టిలిస్‌లకు తప్ప బయటికి తీయకండి.