మూడున్నాయి, నాలుగోది కొనవచ్చా?

ప్రశ్న: నా వయసు 41. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు చేతికి 1,35,000 వస్తుంది. ఇంటి అప్పు వాయిదా 48,000, ఇంటి ఖర్చు 45,000, మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే సిప్‌లు 15,000. బ్యాంకులో 70,000 ఉన్నాయి. ఆరోగ్య బీమా కంపెనీ ఇచ్చిందే. నాకు మూడు సైకిళ్లు ఉన్నాయి: ఆఫీసుకు హైబ్రిడ్, లాక్‌డౌన్‌లో కొన్న గేర్ల మౌంటెన్ సైకిల్, మెట్రోలో తీసుకువెళ్లవచ్చని కొన్న మడత సైకిల్. ఇప్పుడు 1,80,000 రూపాయల కార్బన్ రోడ్ సైకిల్ వడ్డీ లేని వాయిదాల్లో వస్తోంది. నెలకు 15,000 చొప్పున ఏడాది కడితే చాలు. ఆఫీసుకు రానుపోను 16 కిలోమీటర్లు. కారు తీయకపోతే ఏడాదికి 34,000 దాకా పెట్రోలు మిగులుతుంది కాబట్టి ఐదేళ్లు దాటేసరికి సైకిల్ డబ్బు తిరిగి వచ్చేస్తుంది. కొనవచ్చా? (మా ఆవిడ బుట్ట సైకిల్ వేరే ఉంది. కూరలకూ పాలకూ పాపను ట్యూషన్‌లో దింపడానికీ రోజూ వాడుతుంది. దాని వెనక టైరు అరిగిపోయింది, లెక్కలోకి రాదు.)

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపింది బ్రాకెట్లో పెట్టిన ఆ చివరి మాట. దాని దగ్గరికి తరువాత వస్తాను, ముందు పెట్రోలు లెక్క తేల్చుకుందాం.

కారు లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తుందనీ, లీటరు 107 రూపాయలనీ, ఏడాదికి 240 పనిదినాలనీ వేసుకుంటే మీ 34,000 సరిగ్గానే వస్తుంది. గుణకారంలో తప్పు లేదు. అయితే మీరు ఫోనులో చెప్పిన వివరాల ప్రకారం సైకిల్ తొక్కని రోజున మీరు ఆఫీసుకు వెళ్లేది కారులో కాదు, స్కూటీ మీద. స్కూటీ లీటరుకు 45 ఇస్తుంది. అంటే సైకిల్ తీసిన రోజు మిగిలేది 38 రూపాయలు. పైగా వానలూ సెలవులూ పోను మీరు తొక్కుతున్నది వారానికి మూడు రోజులు, ఏడాదికి 120 రోజులు. మొత్తం మిగులు 4,500 రూపాయలు. ఆ మిగులైనా ఇప్పటికే హైబ్రిడ్ ఖాతాలో పడుతోంది. అదే దారిలో అదే ఆఫీసుకు కొత్త సైకిల్ మీద వెళితే అదనంగా మిగిలేది సున్నా. కనుక ఈ కొనుగోలును పొదుపు అనకండి. సరదా అనండి. సరదాకు డబ్బు పెట్టడం తప్పేమీ కాదు. దాన్ని పొదుపు గదిలో రాసుకుంటేనే లెక్క చెడుతుంది.

ఇక వడ్డీ లేని వాయిదా. క్రెడిట్ కార్డు మీద ఇచ్చే ఇలాంటి పథకాల్లో వడ్డీ ఉంటుంది. ఆ మేరకు ధరలో తగ్గింపు ఇచ్చినట్టు చూపిస్తారు, బ్యాంకు మాత్రం వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ మీ నెత్తిన పడుతుంది. 15 శాతం వడ్డీ అనుకుంటే మీ 1,80,000లో వడ్డీ సుమారు 13,800, దాని మీద పన్ను 2,500 దాకా. ప్రాసెసింగ్ రుసుము దీనికి అదనం. మొత్తం ఒకేసారి కడితే ఎంతకు ఇస్తారని దుకాణంలో అడగండి. ఆ ధరకూ దీనికీ ఉన్న తేడాయే అసలు వడ్డీ. ఇంకో మాట: 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో అది కనిపించాలి.

ఇప్పుడు ఎన్ని సైకిళ్లు అన్న సంగతి. జనగణన వారు ఇంట్లో సైకిల్ ఉందా అని అడుగుతారే తప్ప ఎన్ని అని అడగరు. 2011లో దేశంలో 44.8 శాతం ఇళ్లు ఉందన్నాయి. చాలా ఇళ్లలో ఒకే సైకిల్ అన్ని పనులూ చేసేది. నా చిన్నప్పుడు మా ఇంట్లోనూ అంతే. పొద్దున నాన్న దాని మీద ఉద్యోగానికి వెళ్లేవారు, సాయంత్రం అదే క్యారియర్ మీద బియ్యం బస్తా వచ్చేది, చీకటి పడ్డాక కడ్డీ కింద నుంచి కాలు దూర్చి నేను తొక్కడం నేర్చుకున్నదీ దాని మీదే. మీకు ఒక్కటే చాలని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. పని ఉంటే నాలుగూ ఉండవచ్చు. అయితే ఒక్కోటి ఏ పని చేస్తోందో అడగాలి.

అందుకు నేను వాడే కొలత చాలా మోటు కొలత. కొన్న ధరను తొక్కిన రోజులతో భాగిస్తాను. మీ హైబ్రిడ్ 36,000, మూడేళ్లలో 360 రోజులు తొక్కారు. రోజుకు వంద రూపాయలు, ఇంకా తగ్గుతూనే ఉంటుంది. మంచి సైకిల్. మౌంటెన్ సైకిల్ 28,000. నలభై సార్లు తొక్కారు కాబట్టి ఒక్కోసారికి 700. మడత సైకిల్ 19,000, మూడే మూడు సార్లు. అంటే ఒక్కో ప్రయాణానికి 6,333 రూపాయలు. ఆ డబ్బుతో తిరుపతికి విమానం ఎక్కవచ్చు.

మీరు లెక్కలోకి రాదన్న బుట్ట సైకిల్ 6,500 రూపాయలది. ఏడాదికి 300 రోజుల చొప్పున నాలుగేళ్లు అంటే 1,200 రోజులు. రోజుకు ఐదున్నర రూపాయలు. మీ ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ సంపాదిస్తున్న సైకిల్ అదే. ఉన్నవి మూడు కాదు, నాలుగు.

మడత సైకిల్‌నూ మౌంటెన్ సైకిల్‌నూ అమ్మేయండి. గాలి పోయి బాల్కనీలో నిలబడ్డ సైకిల్ ధర ఏటా పడిపోతుంది. రెండూ కలిపి 20,000 వస్తే బేరమాడకుండా ఇచ్చేయండి.

కార్బన్ సైకిల్ ఇప్పుడు వద్దు. కారణం సైకిల్ కాదు, మీ బ్యాంకులోని 70,000. వాయిదా, ఇంటి ఖర్చు కలిపి మీకు నెలకు 93,000 కావాలి. ఉద్యోగం ఆగితే మీ దగ్గరున్నది నెల కూడా నిలవదు. కంపెనీ ఆరోగ్య బీమా కూడా ఉద్యోగంతోనే పోతుంది. సిప్ పోను మిగిలే 27,000లో 20,000 అత్యవసర నిధికి, 2,000 సొంత ఆరోగ్య బీమాకూ వ్యక్తిగత ప్రమాద బీమాకూ, 5,000 సైకిల్ పేరుతో రికరింగ్ డిపాజిట్‌కు పంచండి. సైకిల్‌కు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తప్పనిసరి బీమా లేదు. అందుకే పడితే ఆదుకునేది కూడా ఏదీ ఉండదు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు వస్తాయి. అది ఈ రోజే చేయండి, కాని అది ఒక్కటే చాలదు. కొన్ని గృహ బీమా పాలసీల్లో సైకిల్ దొంగతనానికి కూడా రక్షణ ఉంటుంది, మీ పాలసీలో ఉందేమో చూడండి.

పదిహేను నెలలకు అత్యవసర నిధి 3,70,000 అవుతుంది, నాలుగు నెలలకు దాదాపు సరిపోతుంది. సైకిల్ డబ్బు 75,000, పాతవి అమ్మిన 20,000తో కలిపి 95,000. ఆ ధరలో అల్యూమినియం చట్రంతో మంచి రోడ్ సైకిల్ వస్తుంది. హెల్మెట్, బూట్లు, లైట్లు, పంపు ఆ మొత్తంలోనే రావాలి. దుకాణం చెప్పే ధరలో అవి ఉండవు.

అప్పటిదాకా ఆదివారాలు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద ఉన్న 23 కిలోమీటర్ల ట్రాకుకు హైబ్రిడ్ మీదే వెళ్లండి. ఇంటి నుంచి తొక్కుకుంటూ వెళ్లండి, కారు మీద సైకిల్ ఎక్కించుకుని కాదు. అలా వెళ్లిన ప్రతి ఆదివారం క్యాలెండరులో గీత పెట్టండి. పదిహేను నెలల్లో నలభై గీతలు దాటితే రోడ్ సైకిల్ కొనుక్కోండి, నన్ను మళ్లీ అడగనవసరం లేదు. పది దగ్గరే ఆగితే ఆ 95,000 పాప పేరు మీద వేయండి.

ఆ లోగా, ఈ వారమే, బుట్ట సైకిల్ వెనక టైరూ ట్యూబూ మార్పించి బ్రేకు రబ్బర్లు కూడా వేయించండి. దాని మీద పాప కూర్చుంటోంది.