మొదటి యూరోపియం స్ఫటికం చేతికొచ్చాక

బాబూ,

యూవీ ల్యాంపు కింద నీ యూరోపియం కాంప్లెక్స్ (యూరోపియం లోహం చుట్టూ వేరే అణువులు అంటుకున్న పదార్థం) సీసా ఎర్రగా వెలుగుతున్న ఫోటో చూశాను. ఇన్నేళ్లయినా ఆ ఎరుపు చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. ఇక స్ఫటిక నిర్మాణమూ, కాంతి కొలతలూ మొదలుపెడతానంటున్నావు కాబట్టి, దిగేముందు కొన్ని విషయాలు నీ చెవిన వేయాలని రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఇది తేల్చుకో. ఎక్స్-కిరణాలతో నిర్మాణం చూసే డిఫ్రాక్టోమీటర్ మీద పెట్టే స్ఫటికమూ, వెలుగును కొలిచే ఫ్లోరిమీటర్‌లో పెట్టే పొడీ ఒకే పదార్థమని నీకెలా తెలుసు? నీ వయసులో నేనీ ప్రశ్న వేసుకోలేదు. నా తొలి యూరోపియం కాంప్లెక్స్‌లో లోహానికి రెండు నీటి అణువులు అంటుకుని ఉన్నాయని నిర్మాణం చెప్పింది. లైఫ్‌టైం (ఎక్సైట్ చేశాక వెలుగు ఎంతసేపు నిలుస్తుందో) కొలిచే పొడిని మాత్రం, శుభ్రంగా ఉంటుందని రాత్రంతా వాక్యూమ్‌లో ఆరబెట్టాను. లైఫ్‌టైం అనుకున్నదానికంటే చాలా ఎక్కువొచ్చింది. అదంతా లోహానికి అంటుకున్న సేంద్రియ అణువు, అంటే లిగాండ్ గొప్పతనమేనని పేజీన్నర వివరణ రాసుకున్నాను. తీరా పౌడర్ ఎక్స్‌ఆర్‌డీ (పొడి మీద ఎక్స్-కిరణాల పరీక్ష) తీస్తే, స్ఫటిక నిర్మాణం నుంచి లెక్కగట్టిన ప్యాటర్న్‌తో అది ఎక్కడా కలవలేదు. నీళ్లు పోయాయి, వాటితోపాటు నిర్మాణమూ మారిపోయింది. ఆరు నెలల పని మళ్లీ మొదటికొచ్చింది.

నీటిని తేలిగ్గా తీసుకోకు. నీటిలోని ఓ-హెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్) బంధం కంపనాలు యూరోపియం శక్తిని లాగేసుకుంటాయి. మామూలు నీళ్లలో ఆ అయాన్ లైఫ్‌టైం 0.11 మిల్లీసెకను మాత్రమే, భారజలంలో (హైడ్రోజన్ బదులు డ్యూటీరియం ఉన్న నీళ్లలో) అదే మూడు మిల్లీసెకన్లు దాటిపోతుంది. ద్రావణంలో పనిచేసేటప్పుడు రెండింటిలోనూ కొలిచి, హారాక్స్ సమీకరణంతో లోహం మీద ఎన్ని నీటి అణువులున్నాయో లెక్కగట్టు. ఘనరూపంలో స్ఫటికం చెప్పిన సంఖ్యతో పోల్చి చూడు. తేడా వస్తే వదిలెయ్యకు, విషయం అక్కడే ఉంటుంది.

స్ఫటికాన్ని తల్లి ద్రావణంలోంచి (అది పెరిగిన ద్రావణంలోంచి) బయటికి తీసి గాలికి పెట్టకు. సూక్ష్మదర్శిని కింద చూస్తుండగానే అంచుల నుంచి తెల్లబారి, గాజులా ఉన్నది సుద్దముక్కలా అయిపోతుంది. లోపలి సాల్వెంట్ ఆవిరైపోతోందని అర్థం. నేరుగా నూనె చుక్కలోకి లాగి, అందులోనే ముక్క ఎంచుకుని, వెంటనే 100 కెల్విన్ చల్లటి నైట్రోజన్ ధారలో పెట్టు. ఎక్స్-కిరణాల్లో మాలిబ్డినం కిరణాలే అడుగు. రాగి కిరణాలను యూరోపియం విపరీతంగా పీల్చుకుంటుంది, శోషణ సవరణ ఎంత చేసినా ఆ బాధ పూర్తిగా పోదు. నీది టీటీఏ (థెనాయిల్‌ట్రైఫ్లోరోఅసిటోన్) లిగాండ్ కదా, థయోఫీన్ వలయం తిరగబడి రెండు స్థానాల్లో కనిపిస్తుంది, మూడు ఫ్లోరిన్‌లూ గుండ్రంగా చెదిరి ఉంటాయి. అది నీ తప్పు కాదు. ఆ చెదిరిన స్థానాలను లెక్కలోకి తెచ్చే డిజార్డర్ మోడల్ ఓపిగ్గా చెయ్యి.

స్పెక్ట్రం కూడా నిర్మాణం గురించే మాట్లాడుతుందని మరిచిపోకు. 580 నానోమీటర్ల దగ్గర వచ్చే సన్నని గీతను అందరూ దాటేసి 615 దగ్గరి పెద్ద శిఖరం వైపు పోతారు. నాకు మాత్రం ఆ చిన్న గీతే ఇష్టం. దాన్ని పుట్టించే రెండు శక్తి స్థాయులూ విడిపోనివి కాబట్టి, ఒకే రకం యూరోపియం ఉంటే అక్కడ ఒక గీతకు మించి రాదు. రెండొచ్చాయంటే స్ఫటికంలో రెండు వేర్వేరు యూరోపియంలైనా ఉండాలి, సీసాలో రెండు పదార్థాలైనా ఉండాలి. యూరోపియం ఇన్వర్షన్ సెంటర్ (చుట్టూ ఎదురెదురుగా అన్నీ ఒకేలా ఉండే సౌష్ఠవ కేంద్రం) మీద కూర్చుందని నిర్మాణం చెబుతుంటే, 592 కంటే 615 ఎన్నో రెట్లు పెద్దగా రాకూడదు. వచ్చిందంటే ఆ స్పేస్ గ్రూప్‌ను (స్ఫటిక సౌష్ఠవ వర్గాన్ని) మళ్లీ చూడు. స్లిట్‌లు సన్నగా పెట్టకపోతే ఇవేవీ కనిపించవు.

ఇంకో మోసం ఉంది. 300 నానోమీటర్లతో ఎక్సైట్ చేస్తే, సరిగ్గా 600 దగ్గర ఒక శిఖరం మొలుస్తుంది. అది నీ కాంప్లెక్స్‌ది కాదు, నువ్వు వేసిన 300 కాంతే గ్రేటింగ్ (కాంతిని రంగులుగా విడదీసే భాగం) రెండో ఆర్డర్‌లో రెట్టింపు తరంగదైర్ఘ్యం దగ్గర కనిపించడం. కటాఫ్ ఫిల్టర్ లేకుండా కొలవకు.

వీలైతే అదే లిగాండ్‌తో గాడోలినియం కాంప్లెక్స్ కూడా చెయ్యి. గాడోలినియం తొలి ఉత్తేజిత స్థాయి 32,000 వేవ్‌నంబర్ల (శక్తికి వాడే కొలమానం) దగ్గర, లిగాండ్ శక్తికి అందనంత ఎత్తులో ఉంటుంది. అందుకని 77 కెల్విన్ దగ్గర లిగాండ్ తన ట్రిప్లెట్ (లోహానికి శక్తినందించే ఉత్తేజిత స్థాయి) నుంచే వెలుగుతుంది, దాని ఎత్తు నీకు నేరుగా దొరుకుతుంది. యూరోపియం స్థాయి 17,200 దగ్గర ఉంటుంది కాబట్టి టీటీఏతో బాగా వెలిగింది. టెర్బియం స్థాయి 20,400 దగ్గర, ఇంచుమించు టీటీఏ ట్రిప్లెట్‌తో సమానం. శక్తి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. టెర్బియం సీసా మసగ్గా ఉందని రాశావు చూడు, కారణం ఇదే. సింథసిస్‌లో ఏ లోపమూ లేదు.

ఫెనాంత్రోలిన్ అనే మరో లిగాండ్ కలిపి నీటిని తప్పించాలన్న ఆలోచన మంచిదే. రెండు నీళ్ల ఆక్సిజన్‌ల చోట రెండు నైట్రోజన్‌లు కూర్చుంటాయి, కోఆర్డినేషన్ సంఖ్య (లోహానికి అంటుకున్న పరమాణువుల లెక్క) ఎనిమిదే ఉంటుంది. కానీ ఇప్పుడే వద్దు. ముందు ఈ సీసాలోని పొడిని ఆరబెట్టకుండా, ద్రావణంలోంచి వడకట్టి, పైన తడి పోగానే ఎక్స్‌ఆర్‌డీ తియ్యి. అందులోంచే చిటికెడు లైఫ్‌టైంకి పెట్టు. స్ఫటికం నుంచి లెక్కగట్టిన ప్యాటర్న్‌ను దాని కింద వేసి నాకు పంపు. 575 నుంచి 585 వరకు విడిగా, నెమ్మదిగా స్కాన్ చేసింది కూడా జతచెయ్యి. ఎంత రాత్రయినా చూసి జవాబిస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు