ప్రెస్సులో లినక్స్ పెట్టబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. ట్రిప్లికేన్ ప్రెస్సులో ఉన్న కంప్యూటర్లన్నిటిలో విండోస్ తీసేసి లినక్స్ పెడతావట, ఆ పని ఈ ఆదివారం ఒక్కరోజులో ముగిస్తావట. వినగానే గర్వంగా అనిపించింది. మీ నాన్న ట్రెడిల్ మిషన్ అమ్మేసి ఆఫ్‌సెట్‌కు మారతానన్నప్పుడు బంధువులందరూ వద్దన్నారు, ఆయన వినలేదు. ఆ పట్టుదల నీకూ వచ్చింది. కానీ ఆ తరువాత నాకు నిద్ర పట్టలేదు. ఒక్కరోజులో అన్నీనా? ఎవరు చెప్పారు నీకు అంత తొందరపడమని?

నిర్ణయం సరైనదే, అందులో నాకు అనుమానం లేదు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. విండోస్ 11 పెట్టాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, నీ పాత పెట్టెల్లో అది లేదు. వాటిని పారేసి కొత్తవి కొనే డబ్బు పెడితే ఈ ఏడాది కాగితం కొనడానికి మిగలదు. కాబట్టి మార్చు. ఎలా మారుస్తావన్నదే నా దిగులు.

ఏ డిస్ట్రో (లినక్స్‌లో ఒక్కో రకం) పెట్టాలో తేలక వీడియోలు చూస్తూ కూర్చున్నావని కూడా మీ అమ్మ చెప్పింది. దానికి అంత మథనం అక్కరలేదు. మింట్ పెట్టు. మింట్ 22కు పునాది ఉబుంటు 24.04, దానికి 2029 దాకా భద్రతా సవరణలు వస్తాయి. ప్రెస్సులో పనిచేసేవాళ్ళకు కావలసింది నిన్న ఉన్నచోటే ఇవాళ కూడా మెనూ ఉండటం. ఫెడోరా మంచిదే, కొత్తవి చాలావరకు త్వరగానే అందులోకి వస్తాయి. అయితే సుమారు ఆరు నెలలకొక విడుదల, ఒక్కో విడుదలకు పదమూడు నెలల ఆయుష్షు. మాఘమాసం శుభలేఖలు కుప్పపడి ఉన్నప్పుడు నువ్వు అప్‌గ్రేడ్లు చేస్తూ కూర్చోలేవు. ఆర్చ్‌లో విడుదలలంటూ ఉండవు, ఎప్పటికప్పుడు మారుతూనే ఉంటుంది. దాన్ని నీ సొంత ల్యాప్‌టాప్‌లో పెట్టుకో, చాలా నేర్పుతుంది. దాని వికీ మాత్రం ఏ డిస్ట్రో వాడేవాళ్ళకైనా ఉపయోగపడుతుంది.

నాకు ప్రాణం డెబియన్. 1993లో పుట్టింది. ఉబుంటుకూ, మన చెన్నైలో ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ అనే డిస్ట్రోకూ అదే మూలం. ఒకప్పుడు వైఫై ఫర్మ్‌వేర్ (ఆ పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాము) విడిగా వెతికి తెచ్చుకోవలసి వచ్చేది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది. నేను రోజూ నీ పక్కన ఉండగలిగితే డెబియనే పెట్టమనేవాణ్ణి. నువ్వు ఒక్కదానివే అన్నీ చూసుకోవాలి గనుక మింట్ అంటున్నాను. 4 జీబీ ర్యామ్ ఉన్నవాటికి మింట్‌లోని తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, 8 ఉన్నవాటికి సినమన్ డెస్క్‌టాప్. కానీ అన్నిటికీ ఒకటే డిస్ట్రో. ఒక దానిలో కనుక్కున్న పరిష్కారం మిగతావాటికీ పనికిరావాలి.

పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూశాకే ఇన్‌స్టాల్ చెయ్యి: వైఫై, శబ్దం, ప్రింటరు, నిద్రపుచ్చి లేపడం. ఏ కంప్యూటర్లోనైనా విండోస్ కూడా ఉంచదలిస్తే ముందే బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసుకో, ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్యి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి.

చాలా ఏళ్ళ క్రితం, నేను నాలుగైదు ప్రెస్సుల కంప్యూటర్లు చూసిపెట్టే రోజుల్లో, మౌంట్ రోడ్డుకు దగ్గరలో ఒక చిన్న తెలుగు ప్రెస్సు ఉండేది. పేరు వద్దు. అక్కడ ఒక కుర్రాడు, మహా చురుకైనవాడు, నీలాగే విండోస్ తీసేసి లినక్స్ పెట్టాలనుకున్నాడు. మొదటి కంప్యూటర్లో ఉన్నదంతా ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేశాడు. తన ల్యాప్‌టాప్‌లో డీడీ అనే, చెప్పినచోట ఉన్నదాని మీదే రాసేసే ఆదేశంతో పెన్‌డ్రైవ్ తయారుచేసి, ఆ కంప్యూటర్ను తుడిచి, లినక్స్ పెట్టేశాడు. అంతా బాగా జరిగింది. ఇక లోకంలో ఆ ఫైళ్ళకు ఉన్నది ఒకే ఒక్క కాపీ, ఆ డిస్కులో.

మధ్యాహ్నం యజమాని వచ్చి ఫైళ్ళు భద్రంగా ఉన్నాయా అని అడిగారు. చూపించడానికి డిస్కును ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. ఫోల్డర్లు తెరిచి చూపించాడు, ఆయన సంతోషించి భోజనానికి వెళ్ళారు. డిస్కు తీయలేదు. రెండో కంప్యూటర్ కోసం పెన్‌డ్రైవ్‌ను మళ్ళీ రాయాల్సి వచ్చి దాన్నీ తగిలించాడు. పొద్దున కొట్టిన ఆదేశం టెర్మినల్‌లో ఉందిగా, పై బాణం మీట నొక్కాడు, అది వచ్చింది, ఎంటర్ కొట్టాడు. పొద్దున పెన్‌డ్రైవ్ పేరు ఎస్‌డీబీ. ఇప్పుడు ముందుగా తగిలించి ఉన్నది డిస్కు గనుక ఎస్‌డీబీ అదే అయింది, పెన్‌డ్రైవ్ ఎస్‌డీసీ అయింది. ఆ పేర్లు వస్తువుకు పెట్టినవి కావమ్మా, కంప్యూటర్ కంటబడిన వరుసను బట్టి వచ్చేవి. డీడీ ఏమీ అడగదు, పని అయ్యేదాకా ఒక్క అక్షరం కూడా చూపించదు. పెన్‌డ్రైవ్ దీపం వెలగకుండా డిస్కు దీపం గబగబా మిణుకుమంటుంటే అతనికి అర్థమైంది. తీగ లాగేసరికి డిస్కు మొదటి భాగం పోయింది. అది ఫ్యాట్32 డిస్కు. ఏ ఫైలు పేరేమిటి, ఎక్కడుంది అన్న పట్టీ మొదట్లోనే ఉంటుంది. సరిగ్గా అదే పోయింది.

నన్ను పిలిచారు. ఫోటోరెక్ నడిపాను. అది డిస్కంతా గాలించి, గుర్తుపట్టిన ఫైళ్ళను బయటికి తీస్తుంది. కానీ పేర్లు తిరిగి రావు. ఎఫ్ అక్షరం, దాని వెనక పొడుగాటి అంకె, అలాంటివి వందలకొద్దీ వచ్చాయి. ఒక్కొక్కటే తెరిచి ఇది ఎవరి పుస్తకం, ఎన్నో ప్రూఫు అని చూడాలి. ముక్కలు ముక్కలుగా పడి ఉన్న ఫైళ్ళు సగమే తెరుచుకున్నాయి.

వాటిలో ఒక రిటైరైన టీచరుగారి పుస్తకం ఉంది. చెన్నపట్నంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకు పాడే పాటలు, ఆవిడ ఇంటింటికీ తిరిగి సేకరించినవి. మూడో ప్రూఫు అయి అచ్చుకు సిద్ధంగా ఉంది. యజమాని తానే ఆవిడ ఇంటికి వెళ్ళి చెప్పారు. ఆవిడ కోప్పడలేదట. ట్రంకుపెట్టె తెరిచి, ఎర్రసిరాతో దిద్దిన రెండో ప్రూఫు కాగితాలు తెచ్చి ఇచ్చారు. మూడో ప్రూఫులో కొత్తగా చేర్చిన పాటలు మాత్రం కాగితం మీద లేవు. ప్రెస్సుకు వచ్చి కంపోజిటరు పక్కన కుర్చీలో కూర్చుని పాడారు, అతను విని కొట్టాడు. గుర్తొచ్చినవి వచ్చాయి. కొన్ని చరణాలు రాలేదు. వాటిని ఆవిడకు చెప్పిన ముసలమ్మ అప్పటికే పోయింది.

ఆ కుర్రాడు తెలివితక్కువవాడు కాదు. అందుకే నీ గురించి భయపడుతున్నాను. చేయి తిరిగినవాళ్ళే పై బాణం నొక్కుతారు.

కాబట్టి విను. ఏ కంప్యూటర్నైనా తుడిచే ముందు రెండు కాపీలు, రెండు వేరు వేరు డిస్కుల్లో. కాపీ అయ్యాక ఇంకో కంప్యూటర్లో నాలుగు ఫైళ్ళు తెరిచి చూడు. ఆ తరువాత డిస్కు తీగ తీసి బీరువాలో పెట్టు. పెన్‌డ్రైవ్ రాసేటప్పుడు అది తప్ప మరేదీ తగిలించి ఉండకూడదు. రాసే ముందు టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) అని కొట్టి, వచ్చే డిస్కుల జాబితాలో సైజు చూడు. 500 జీబీ డిస్కు 465.8జీ అని కనిపిస్తుంది, పెన్‌డ్రైవ్ దాని దరిదాపుల్లో ఉండదు. ఒక కాపీ ప్రెస్సులో ఉండకూడదు. 2015 డిసెంబరులో అడయారు పొంగినప్పుడు ఎంతమంది కంప్యూటరూ, దాని కింది సొరుగులోని బ్యాకప్ డిస్కూ కలిసి మునిగాయో నేను చూశాను. ఇంకోమాట. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ ఉంటుంది. అది కాపాడేది సిస్టమ్‌ను, మామూలుగా నీ హోమ్ ఫోల్డర్ జోలికి పోదు. దాన్ని చూసి బ్యాకప్ ఉందనుకోకు.

రెండో దిగులు అను ఫాంట్లు. మీ నాన్న చేయించిన పాత పుస్తకాలన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. అవి యూనికోడ్ కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పేర్చినవి. లినక్స్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. అందుకని ఒక కంప్యూటర్ను విండోస్‌తోనే ఉంచి, నెట్ తీగ పీకేసి, పాత పుస్తకాల పునర్ముద్రణకు మాత్రమే వాడు. తీరిక దొరికినప్పుడల్లా అందులోంచి పీడీఎఫ్‌లు చేసిపెట్టుకో.

కొత్త పనికి పేజీలు పేర్చే స్క్రైబస్ ప్రోగ్రాము సరిపోతుంది, కానీ 1.6 లేదా ఆపై వెర్షనే పెట్టు. 2024 జనవరిలో వచ్చింది. పాత 1.4లో ఒత్తులు విరిగిపోయేవి. ఏ ఫాంటు వాడాలనుకున్నా ముందు స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, లక్ష్మీ అని కొట్టి, పీడీఎఫ్ చేసి, కాగితం మీద ప్రింటు తీసి చూడు. తెర మీద చూసి సరే అనుకోకు. వావిళ్ళవారు తెలుగు పుస్తకాలు అచ్చువేసిన ఊరిది. ఒత్తు తప్పిన శుభలేఖ మన ప్రెస్సు నుంచి వెళ్ళకూడదు.

కంపోజింగ్ చేసే పెద్దాయనను ఇన్‌స్క్రిప్ట్ (ప్రభుత్వ ప్రామాణిక కీబోర్డు అమరిక) నేర్చుకోమని మాత్రం అనకు. ఆ వేళ్ళకు ముప్ఫై ఏళ్ళుగా అలవాటైంది ఆపిల్ అనే తెలుగు కీబోర్డు అమరిక. లినక్స్‌లో తెలుగు టైపింగుకు వాడే ఐబస్‌లో ఎం17ఎన్ ప్యాకేజీ పెడితే తెలుగు ఆపిల్ లేఅవుట్ కూడా దొరుకుతుంది. అది ముందుగా పెట్టి, ఆయన్ను కూర్చోబెట్టి, ఒక పేజీ కొట్టించు. ఏవైనా మీటలు తేడాగా ఉన్నాయంటే ఓపికగా విని రాసుకో. నువ్వు పాకే వయసులో ప్రెస్సులో కాగితాల రీముల మధ్య నిన్ను కనిపెట్టుకుని ఉన్నది ఆయనే.

చిక్కులు వస్తాయి. తెర నల్లగా ఉండిపోతే బూట్ మెనూలో ‘ఇ’ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ చేర్చి చూడు. విండోస్, లినక్స్ రెండూ ఉన్న పెట్టెలో విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతే కంగారుపడకు. విండోస్ లోపలి గడియారాన్ని స్థానిక సమయం అనుకుంటుంది, లినక్స్ యూటీసీ (గ్రీన్‌విచ్ సమయం) అనుకుంటుంది. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా మళ్ళీ లాగిన్ తెరకే వస్తుంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి లోపలికి వెళ్ళి డీఎఫ్ (డిస్కులో ఖాళీ ఎంతో చెప్పే ఆదేశం) చూడు, చాలాసార్లు డిస్కు నిండిపోయి ఉంటుంది. మిగతా వాటికి జర్నల్‌సీటీఎల్ ఆదేశం చూపించే సిస్టమ్ చిట్టా చదువు. ఎర్రగా ఉన్న వరుస ఒక్కటే కాకుండా దానికి పైనున్న పది వరుసలూ చదువు. ఒకసారి ఒక్క మార్పే చెయ్యి, చేసింది నోటుబుక్కులో రాయి.

వైఫై రాలేదని డిస్ట్రో మార్చేసే అలవాటు మాత్రం చేసుకోకు. పేర్లు ఎన్ని ఉన్నా లోపలున్న కెర్నల్ (యంత్రాన్ని నడిపే గుండెకాయ) ఒకటే, తేడా దాని వెర్షన్‌లోనూ ఫర్మ్‌వేర్‌లోనూ ఉంటుంది. అనుమానమొస్తే ఫెడోరాను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడు. అందులో పనిచేసి మింట్‌లో చేయకపోతే బహుశా కెర్నల్ పాతదై ఉంటుంది. మింట్ అప్‌డేట్ మేనేజర్‌లోనే కొత్త కెర్నల్ వేసుకోవచ్చు. అన్నీ మళ్ళీ మొదటి నుంచి పెట్టక్కరలేదు.

లెక్కలు చూసే టాలీ ఉన్న కంప్యూటర్ను మార్చి 31 దాటేదాకా ముట్టుకోకు. ఈ ఆదివారం బిల్లులు రాసే ముందువైపు టేబుల్ మీది కంప్యూటర్ ఒక్కటే మార్చు. ఒక వారం వాడనివ్వు, గొడవలు బయటపడనివ్వు. తరువాతి ఆదివారం ఇంకొకటి.

రిచీ స్ట్రీట్‌లో రెండు డిస్కులు కొను, రెండూ ఒకే రకం వద్దు. డబ్బు నేనిస్తాను, మీ నాన్నతో అనకు. రెండో డిస్కు పెరంబూరులో మా ఇంట్లో, రెండో అంతస్తులో ఉంటుంది. శనివారం సాయంత్రం నేనే వచ్చి తీసుకువెళ్తాను. అప్పటికి కాపీ అయి ఉండాలి. కాకపోతే ఆదివారం ఏదీ తుడవడానికి వీల్లేదు.

ఆశీస్సులతో,
పెద్ద మామయ్య