నీరా తాగితే మత్తెక్కుతుందా? కల్లుకూ దానికీ తేడా ఏమిటి?

ఎక్కదు. తాటి, ఈత చెట్ల నుంచి కారే రసం పులవకముందు నీరా, పులిశాక కల్లు.

ఆ రసంలో చక్కెర చాలా ఎక్కువ. గాలిలోనూ, వాడిన కుండలోనూ ఉండే ఈస్ట్ అనే సూక్ష్మజీవి దానికి తగిలితే చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఎండ పెరిగేకొద్దీ ఈ పని జోరందుకుంటుంది. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి నురగ కట్టి ఘాటెక్కుతుంది, ఇంకా వదిలేస్తే పుల్లగా వెనిగర్ అయిపోతుంది. అందుకే నీరా కోసం గీత కార్మికులు కుండ లోపల సున్నం పూస్తారు. సున్నం క్షారం కాబట్టి ఈస్ట్ చురుకు తగ్గుతుంది. తెల్లారకముందే దింపి, వడకట్టి, వెంటనే చల్లబరుస్తారు. చలిలో ఈస్ట్ దాదాపు పనిచేయదు.

ఒకే తాటిచెట్టుకు రెండు కుండలు కట్టారనుకుందాం. సున్నం పూసి వేకువనే దించినదాంట్లో నీరా ఉంటుంది. రోజూ వాడే లొట్టిలో (కల్లు కుండలో) అడుగున నిన్నటి మడ్డి మిగిలి ఉంటుంది కాబట్టి, రసం పడుతుండగానే పులవడం మొదలవుతుంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్‌లో గ్లాసు చల్లగా చేతికొచ్చేది షోకు కోసం కాదు, పులవకుండా ఉండేందుకే.

చాలామంది పొరబడేది ఒక్కచోటే: పొద్దున్నే దించిన కల్లంతా నీరాయే అనుకుంటారు. సున్నం లేని లొట్టిలో రాత్రంతా నిండినది తెల్లారేసరికే కొంత పులిసి ఉంటుంది. తియ్యగా ఉంది కదా అని పిల్లలకు పట్టడం మాత్రం తప్పు.