అరవకుండా ఒకటో తరగతిని కూర్చోబెట్టేదెలా?

ప్రశ్న: హైదరాబాద్ టోలిచౌకిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతికి చెబుతాను. 34 మంది పిల్లలు. ఒక బాబు ఊరికే లేచి తిరుగుతాడు, పక్కవాళ్ల పెన్సిళ్లు లాక్కుంటాడు. అరిస్తే రెండు నిమిషాలు ఊరుకుని మళ్లీ మొదలు. బయట నిలబెడితే ఇంకా మొండికేస్తున్నాడు. ఏం చేయను?

జవాబు: ముందు బయట నిలబెట్టడం మానేయండి. రాయడం కష్టంగా ఉన్న పిల్లాడికి అది శిక్ష కాదు, రాత తప్పించుకునే దారి. ఒకసారి రుచి మరిగితే రోజూ అదే చేస్తాడు.

ఒక వారం ఒక నోట్‌బుక్‌లో మూడు సంగతులు రాసుకోండి: సీట్లోంచి ఎన్ని గంటలకు లేచాడు, అప్పుడు ఏం పని జరుగుతోంది, వెంటనే మీరేం చేశారు. ఎక్కువసార్లు ఒక పని అయిపోయి ఇంకో పని మొదలుకాని ఆ ఖాళీలోనే అల్లరి కనబడుతుంది. సరిచేయాల్సింది ముందు ఆ ఖాళీని. పుస్తకాలు తీసేలోపే బోర్డు మీద మొదటి పని రాసి ఉంచండి. నోట్‌బుక్‌లు పంచే పని ఆ బాబుకే ఇవ్వండి. ఎలాగూ లేచే సమయమే కదా! అయితే లేచి తిరిగాక కాదు, తిరగకముందే ఇవ్వాలి. లేకపోతే అల్లరికి బహుమానం ఇచ్చినట్టవుతుంది. పది పన్నెండు నిమిషాల రాత తర్వాత అందరినీ లేపి రెండు నిమిషాలు చేతులు ఊపించండి.

పెన్సిల్ గొడవకు మందు సులువు. చెక్కిన పెన్సిళ్లు అయిదారు మీ బల్లమీద డబ్బాలో పెట్టండి. ముల్లు విరిగితే డబ్బాలోంచి తీసుకోవాలని, పక్కవాళ్లది కావాలంటే ‘ఒకసారి ఇస్తావా?’ అని అడగాలని క్లాసంతటితో రోజూ ఆటలా చేయించండి. అడిగి తీసుకున్న రోజు ‘గుడ్ బాయ్’ అంటే చాలదు. ‘లాక్కోకుండా అడిగావు, చూశాను’ అనండి. ఏం చేస్తే మెచ్చుకున్నారో వాడికి తెలియాలి.

ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు మీ క్లాసులో చాలామందే ఉంటారు. ఇంగ్లిష్‌లో మీరు చెప్పింది అర్థంకాక, పక్కవాడు ఏం చేస్తున్నాడో చూద్దామని లేస్తారు. అది మొండితనం కాదు. ఒకసారికి ఒకే మాట, చేత్తో చూపిస్తూ చెప్పండి. అయిదు క్షణాలు ఆగండి.

బల్ల మీద దరువు వంటి చిన్న అల్లరిని పట్టించుకోకండి. మొదటి మూడు నాలుగు రోజులు దరువు పెరుగుతుంది. అప్పుడు ఓర్పు పోయి కసిరితే, గట్టిగా దరువేస్తేనే టీచర్ చూస్తుందని నేర్పినవాళ్లమవుతాం. పక్కవాళ్లను కొట్టడం, కొరకడం మాత్రం వెంటనే ఆపాలి. ముందు దెబ్బ తగిలిన పాపను చూసుకోండి, మాటలు తర్వాత.

నెల దాటినా మారకపోతే నిద్ర, వినికిడి, చూపు గురించి తల్లిదండ్రులను అడగండి. బోర్డు కనబడకా లేస్తుండొచ్చు. మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి మీకు దగ్గరే.

ప్రశ్న: ‘రెండు తగిలించండి మేడమ్, మేమేమీ అనుకోం’ అని తల్లిదండ్రులే అంటున్నారు.

జవాబు: వాళ్లు ఒప్పుకున్నా చట్టం ఒప్పుకోదు. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ దెబ్బలనూ, మానసిక వేధింపునూ రెంటినీ నిషేధించింది. ఆ మాట మెత్తగా చెప్పి, ఆ వారం పిల్లాడు బాగా చేసిన ఒక పని డైరీలో రాసి పంపండి.