బ్లెస్సింగ్ ఇస్తే ఆశీర్వాదమేనా?

సందేహం: ఒక బ్రెజిల్ కథను ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తున్నాను. అందులో మనవడు నాయనమ్మను బ్లెస్సింగ్ అడుగుతాడు, ఆమె ఇస్తుంది. మరోచోట తండ్రి కూతురి పెళ్ళికి బ్లెస్సింగ్ ఇస్తాడు. రెండుచోట్లా ‘ఆశీర్వాదం ఇచ్చారు’ అనవచ్చా?

సమాధానం: మొదటిచోట అనవచ్చు, రెండోచోట కుదరదు. పెళ్ళికి తండ్రి బ్లెస్సింగ్ ఇచ్చాడంటే ఇంగ్లీషులో ‘సరేనన్నాడు’ అని. మనకు ఒప్పుకోవడం వేరు, దీవించడం వేరు. ఇష్టంలేని పెళ్ళి చేసుకొచ్చిన పిల్లలైనా కాళ్ళకు దండం పెడితే ‘చల్లగా ఉండండి’ అనే అంటాం. అందుకని అక్కడ ‘తండ్రి ఒప్పుకున్నాడు’ అనే రాయండి. ‘అధిష్ఠానం ఆశీస్సులున్న అభ్యర్థి’ అని పత్రికలు రాస్తున్నాయి కదా అంటారేమో. అక్కడ అర్థం అండదండలు. ఆ వాడుక స్థిరపడింది, తప్పు పట్టను.

నాయనమ్మ సంగతి ఇంకాస్త లోతైంది. బ్రెజిల్‌లో, ముఖ్యంగా పల్లెల్లో, పిల్లలు పడుకోబోయే ముందో ఇల్లు కదిలేటప్పుడో తమ పోర్చుగీసు భాషలో ‘బెన్సా, వో’ అంటారు. ‘దీవెన, నాయనమ్మా’ అని అడగడం అన్నమాట. ఆమె ‘దేవుస్ తె అబెన్సోయి’ అంటుంది, అంటే ‘దేవుడు నిన్ను దీవించు గాక’. అడిగింది ఆమెను, దీవించేది దేవుడు. ఒకప్పుడు పోర్చుగీసువారి ఏలుబడిలో ఉన్న గోవాలోనూ ఈ ‘బెన్సా’ మాట కొంకణిలో ‘బెసాంవ్’గా నిలిచిపోయింది. క్రైస్తవుల ఇళ్ళల్లో పిల్లలు పెద్దలను బెసాంవ్ అడుగుతారు.

ఈ పోర్చుగీసు మాటకు మూలం లాటిన్‌లో ‘మంచి పలకడం’. మన ఆశీర్వాదంలోనూ ‘వాదం’ అంటే పలుకే. ఇంగ్లీషు బ్లెస్ దారి వేరు. నెత్తురుతో గుర్తుపెట్టి పవిత్రం చేయడమని దాని పాత అర్థం. క్రైస్తవం వచ్చాక ఆ లాటిన్ మాటకు బదులుగా దీన్ని వాడుకున్నారు.

దైవాన్ని కర్తగా పెట్టి దీవించడం మనకూ కొత్త కాదు. నన్నయ భారతం మొదటి శ్లోకంలో త్రిమూర్తులు మీకు శ్రేయస్సు కలిగింతురు గాక అన్న భావమే ఉంది. అక్కడి ‘భూయాసుః’ సంస్కృతంలో ఆశీస్సు చెప్పడానికే ఉన్న క్రియారూపం. కానీ ఇంట్లో మన పెద్దలు ‘దీర్ఘాయుష్మాన్ భవ’, ‘నూరేళ్ళు బతుకు’ అని తామే నేరుగా పలుకుతారు. ఆయుష్షో సంతానమో సౌభాగ్యమో, కోరేది ఏమిటో పేరుపెట్టి చెబుతారు.

కాబట్టి బ్రెజిల్ నాయనమ్మ నోట ‘చిరంజీవ’ అనిపించకండి. మనవడి చేత ‘దీవించు నాయనమ్మా’ అనిపించి, ఆమె చేత ‘దేవుడు నిన్ను చల్లగా చూడాలి నాయనా’ అనిపించండి. ‘ఇచ్చింది’ అన్న క్రియతో పనే పడదు.